కోపానికి ఇంగ్లీషు రాని మేడం

మా బడిలో తెలుగు టీచర్‌కు ఎంత గిరాకీ అంటే, ఏ పీరియడ్ ఖాళీ అయినా ముందు నన్నే పిలిచేవారు. పీటీ సార్ రాకపోతే నేను. కంప్యూటర్ రూములో కరెంటు పోతే నేను. మెదక్‌లో ఇంగ్లీషు మీడియం బడి అంటే తెలుగు అక్కడ దూరపు చుట్టమే. భోజనానికి పిలుస్తారు గానీ ఫొటోకి పిలవరు.

ఒక ఏడాది దసరా సెలవులు అయిపోయేసరికి ఇంగ్లీషు మేడం పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆమె క్లాసులు నాకు కావాలనిపించింది. ఎందుకో దాచుకోను. స్టాఫ్‌రూములో ఆమె నోరు విప్పితే అందరూ తలెత్తి వినేవారు, నేను నోరు విప్పితే టిఫిన్ డబ్బాలు విప్పుకునేవారు. నేను కౌడిపల్లిలో తెలుగు మీడియం చదివినదాన్ని. పెళ్లయ్యాక డిగ్రీ మళ్లీ కట్టి, ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నాను. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. నేనే వెళ్లి, బడి నడిపే కరస్పాండెంట్ సార్‌కు చెప్పాను. ఆయన నన్ను కిందా పైనా చూసి, "ఒక డెమో ఇయ్యుండ్రి మేడం, చూద్దాం. టాపిక్ ప్రొనౌన్స్, అన్ని రకాలు" అన్నారు.

డెమో అంటే మా బడిలో ఒక ఆచారం. స్టాఫంతా పిల్లల్లాగా బెంచీల మీద కూర్చుంటారు. కరస్పాండెంట్ సార్ వెనక బెంచీలో కూర్చుంటారు. అందరికీ తెలిసిన పాఠాన్ని ఎవరికీ తెలియనట్టు వినాలి, ఒక్కొక్కరు ఒక్కో డౌటు అడగాలి. డౌటు తీరడానికి కాదు, నిలబడ్డవాళ్లు తడబడతారో లేదో చూడడానికి.

ప్రొనౌన్లంటే మన సర్వనామాలే. తెలుగులో అవి ఎన్నేళ్లుగా చెప్తున్నానో! నేను, నువ్వు, ఆమె, వాళ్లు. పేరుకు బదులు వాడే మాట అని ఒక్క ముక్కలో తేల్చేదాన్ని. అదే సరుకు ఇంగ్లీషులోకి వెళ్లేసరికి గొప్పింటి కోడలైపోయింది. ఒక గైడ్‌లో ఎనిమిది రకాలన్నారు, ఇంకో దాంట్లో తొమ్మిది. పొరుగింటి పుల్లకూర కదా, రుచిగానే ఉంటుందని అన్నీ బట్టీ పట్టాను. ఇంట్లో మా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

ఆయన బుద్ధిగా విని చివరికి చెయ్యెత్తాడు. "మేడం, ఒక డౌటు. పెండ్లైన కాన్నుంచి నన్ను 'ఇగో, ఇగో' అని పిలుస్తవు గద, గది ఏ రకం?"

"గది గైడ్‌ల లేదు" అన్నాను.

డెమో బాగానే మొదలైంది. పేరు పదేపదే చెప్తే చెవికి విసుగు, అందుకే హీ, షీ, దే అన్నాను. మైన్, యువర్స్ దగ్గరకొచ్చేసరికి టీచర్లు నిజంగానే వింటున్నారని తెలిసింది. ఎవరని చెప్పకుండా ఎవరో అనడానికి సంబడీ ఉందని చెప్పి, "సంబడీ టుక్ మై డస్టర్" అన్నాను. క్లాసంతా మాథ్స్ సార్ వైపు చూసింది. ఆయన జేబులోంచి డస్టర్ తీసి ఇచ్చాడు. నాకు హుషారొచ్చింది.

అప్పుడే వెనక బెంచీలో ఫోన్ మోగింది. కరస్పాండెంట్ సార్ ఎత్తి, బడి వ్యాన్ డ్రైవర్‌ను తిట్టడం అందుకున్నారు. "స్టెప్నీ ఏడ వెట్టినవ్‌రా? ఇంట్ల దాసుకున్నవా? అక్కల్ ఉన్నదా నీకు?" నేను గొంతు పెంచాను. ఆయన ఇంకా పెంచారు. బోర్డు వైపు తిరిగి రాస్తున్న నేను, అది డెమో అని, బెంచీల మీద ఉన్నది ఎవరో మరిచిపోయాను.

"ఏయ్, లాస్ట్ బెంచి! నోరు మూస్కోని లేసి నిలవడు!"

తిరిగి చూద్దును కదా, కరస్పాండెంట్ సార్ నిలబడి ఉన్నారు. ఫోన్ వీపు వెనక దాచుకుని, తల వంచుకుని. చిన్నప్పుడు చర్చి దగ్గర బడిలో ఎవరి చేతి దెబ్బలు తిన్నారో గానీ ఒళ్లు మరిచిపోలేదు. కూర్చోమనడానికి నాకు ధైర్యం లేదు. కూర్చోమంటే నిలబెట్టింది నేనే అని ఒప్పుకున్నట్టు. నేను చెప్పకుండా కూర్చోవడానికి ఆయన నేర్చిన రూలు ఒప్పుకోదు. అలా మిగతా రకాలన్నీ ఆయన నిలబడే విన్నారు.

చివర్న ఆయనే అడిగారు. "మే ఐ సిట్, మేడం?"

"కూసోండ్రి సార్."

కూర్చుని, గొంతు సవరించుకుని, మళ్లీ కరస్పాండెంట్ అయ్యారు. "డెమో మస్తుగున్నది మేడం. గని తెలుగుల తిట్టిండ్రు. ఇంగ్లీష్ మేడం అన్నంక కోపం గూడ ఇంగ్లీష్‌లనే రావాలె. పేరెంట్స్ వింటే ఏమనుకుంటరు?"

పోయిందనుకున్నాను. పోయాక ఇక భయమేముంది? "మీరు డ్రైవర్‌ను ఏ భాషల తిట్టిండ్రు సార్?" అన్నాను.

"వానికి ఇంగ్లీష్ రాదు గద."

"పిల్లలకు వస్తదా సార్?"

మాథ్స్ సార్‌కు దగ్గు వచ్చింది. కరస్పాండెంట్ సార్ నవ్వేశారు. "సోమారం సంది ఆరో తరగతి తీస్కోండ్రి. ఒక్కటే షరతు. క్లాస్‌ల ఒక్క తెలుగు ముక్క ఇనవడొద్దు. ఇనవడ్డదంటే మళ్ల మీ తెలుగు మీకే."

నా సంతోషం చెప్పలేను. ఆ వారమంతా నేల మీద నడవలేదు.

క్లాసులోకి వెళ్లాక తెలిసింది షరతు బరువు. వెనక బెంచీలో గోల మొదలైతే నాకు తన్నుకొచ్చేదంతా తెలుగే. నోటి దాకా వచ్చినదాన్ని మింగి, "సైలెన్స్ ప్లీజ్" అనేదాన్ని. ప్రొనౌన్లు ఎన్ని రకాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను, ఒక్క తిట్టు మాత్రం ఇంగ్లీషులో రాదు. నెల తిరక్కుండానే బడిలో అందరికంటే శాంతమైన మేడం అని పేరొచ్చింది. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన, "మీరంటే మా బిడ్డకు పానం మేడం. అస్సలు కోపం జెయ్యరంట గద!" అని దండం పెట్టాడు. మింగిన కోపమంతా సాయంత్రం ఇంటికొచ్చాక బయటపడేది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. "ఇంగ్లీష్ వాళ్లకు, తిట్లు నాకా?" అని మా ఆయన గొణిగేవాడు.

ఒకరోజు బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. మై మదర్ ఈజ్ ఎట్ హోమ్. షీ ఈజ్ కుకింగ్. అమ్మకు బదులు షీ అని చెప్పి, ఒక్కొక్కరినీ లేపి చెప్పించాను. అందరూ చిలకల్లా చెప్పారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, నిజాంపేట నుంచి వచ్చి ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల, లేచి నిలబడింది గానీ నోరు విప్పలేదు.

"సే ఇట్" అన్నాను.

"మై మదర్" అని ఆగిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

"డోంట్ క్రై" అన్నాను. ఇంకా ఏడ్చింది. "డోంట్ క్రై, డోంట్ క్రై" అన్నాను. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు. ఇన్నాళ్లూ కోపానికే ఇంగ్లీషు రాలేదనుకున్నాను. నాకు సిగ్గేసింది. వరండాలో కరస్పాండెంట్ సార్ చెప్పుల చప్పుడు దగ్గరికొస్తోంది. ఆరో తరగతి నా చేతికి వచ్చిన దారి అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది.

వెళ్లి ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

"ఏమైంది బిడ్డా?"

"మా అమ్మ ఇంట్ల లేదు మేడం. పట్నం దవాఖానల ఉన్నది. నన్ను చూడనిస్తలేరు."

చెప్పుల చప్పుడు తలుపు దగ్గర ఆగింది. నేను తలెత్తలేదు. "అమ్మ ఎట్లుంటదో చెప్పు బిడ్డా" అన్నాను. గంట కొట్టేదాకా ఆ పిల్ల తెలుగులో చెప్తూనే ఉంది.