ఫ్రౌ కోలర్ మనకేమవుతుంది?

మా రవీంద్రనాథ్ గారికి ఎవరితోనైనా సరే వరస కలపకపోతే అన్నం సహించదు. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో నేను కొత్త ఫ్లాటుకు సామాన్లు చేరుస్తుంటే, పై అంతస్తు నుంచి దిగివచ్చి, పేరైనా అడక్కుండా ఇంటిపేరు అడిగారు.

"కొత్తపల్లి అండీ."

"అమ్మగారి వైపు?"

"తాడూరి."

"మా మేనత్త తోడికోడలి పుట్టింటివారు తాడూరివారేనయ్యా! అయితే నువ్వు నాకు బావమరిదివి. ఆ సోఫా అటు చివర పట్టుకో."

అప్పటినుంచి ఆయన నాకు బావగారు. ఆఫీసులో చేరిన పంజాబీ కుర్రాణ్ణి కూడా మూడు లంచ్‌లు కూర్చోబెట్టి తమ్ముడి వరసకు తెచ్చారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నా కింది ఇంట్లో ఫ్రౌ కోలర్ అనే ఎనభై రెండేళ్ల ఆవిడ ఒక్కతే ఉండేది. తుంటి నొప్పితో కుంటుకుంటూ తనే సూపర్‌మార్కెట్‌కి వెళ్లేది. ఆ వయసులో కరోనా అంటుకుంటే ఎలాగని మా ఇద్దరికీ బెంగ. సరుకులు తెచ్చి గుమ్మంలో పెడితే సంచి సంచిగానే తిరిగొచ్చింది. "పరాయివాళ్లతో పనులు చేయించుకునే అలవాటు నాకు లేదు" అంది.

బావగారి ముఖం వెలిగిపోయింది. "పరాయివాళ్లం కాకపోతే సరి కదా!"

బాల్కనీలోంచి వంగి ఆవిడ వంశమంతా ఆరా తీశారు. ముత్తాతగారి తాతకు తమ్ముడు, యోహాన్ అనే ఆయన, రెండు వందల ఏళ్ల కిందట అమెరికా వెళ్లి ఒహాయో అడవుల్లో చెట్లు కొట్టి పొలం చేసుకున్నాడట. ఆపైన ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

"మా పెదనాన్న మనవరాలు ఒహాయోలోనే ఉందండీ! యోహాన్ గారి వాళ్లు అక్కడే ఉన్నారని తేలితే చాలు, మనం చుట్టాలమే!"

"సరే, అది తేలేదాకా మాత్రమే మీ పాలూ రొట్టే తీసుకుంటాను" అని ఆవిడ షరతు పెట్టింది.

ఇక బావగారు పాత అమెరికా రికార్డుల్లో పడ్డారు. రోజూ నాలుగింటికి ఆవిడ కాఫీ కప్పుతో కింద బాల్కనీలోకి వచ్చేది, ఆయన పై నుంచి రిపోర్టు వినిపించేవారు. మధ్య అంతస్తులో నేను ఆఫీసు కాల్‌ని మ్యూట్ చేసుకుని కూర్చునేవాణ్ణి.

"1820 జనాభా లెక్కల్లో దొరికాడండీ! కానీ ఇంటి యజమాని పేరొక్కటే రాశారు. భార్యాపిల్లలు వట్టి అంకెలు! భార్య ఎవరో తెలియకుండా వరస ఎలా కలుస్తుంది?"

వారం తిరక్కుండా తనే తేల్చేశారు. "అడవిలో ఉన్నవాడికి పిల్లనెవరిస్తారండీ? మేనమామ కూతుర్నే చేసుకుని ఉంటాడు!"

"మాలో అలా చేసుకోరు!" అని ఆవిడ అరిచినా వినకుండా నెలల తరబడి యోహాన్ మేనమామ కోసం గాలించారు. ఆవిడ పగలబడి నవ్వడం ఆ రోజుల్లోనే మొదటిసారి విన్నాను.

జనవరిలో ఆయన లాప్‌టాప్ మొరాయిస్తే బాగుచేయడానికి వెళ్లాను. అందులో 1823 నాటి భూమి అమ్మకం కాగితం కనిపించింది. భార్య పేరు కాథరీనా, పక్క పొలంవాడి కూతురు. ఉన్నదంతా అమ్మేసి, కుటుంబమంతా ఇల్లినాయ్‌కి వెళ్లిపోయింది. ఫైలు దాచుకున్న తేదీ మాత్రం గత మే నెలది.

"బావగారూ, ఒహాయోలో ఎవ్వరూ మిగల్లేదని ఎనిమిది నెలల కిందటే తేలిపోయిందిగా! మరి రోజూ ఈ అరుపులేంటండీ?"

"మెల్లగా మాట్లాడవయ్యా, కిందికి వినబడుతుంది. వరస లేదని చెబితే ఆవిడ రేపే సంచి పట్టుకుని బయల్దేరదూ? ఈ చలిలో, ఈ జబ్బుల్లో!"

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "అయితే ఆ మేనమామ వేట కూడా నాటకమేనా?"

"ఛ, ఆయన కోసం నిజంగానే వెతుకుతున్నాను" అన్నారు.

ఫిబ్రవరిలో బావగారు మూడు రోజులు ఫోనుకు అతుక్కుపోయి ఆవిడ టీకాకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, సంపాదించారు. ముగ్గురం నా కారులో వెళ్లాం. తలుపు దగ్గర అమ్మాయి ఆవిడ కాగితాలు చూసి, "తోడుగా లోపలికి ఒక్కరే రావచ్చు. ఈయన మీకేమవుతారు?" అని అడిగింది.

బావగారు జీవితంలో మొదటిసారి వరస చెప్పలేక నీళ్లు నమిలారు. ఫ్రౌ కోలర్ ఆయన మోచెయ్యి పట్టుకుని, మాస్కు వెనక నుంచి తాపీగా చెప్పింది.

"కజిన్. ఒహాయో వైపు."