తెరవని గురువారం

కోరుట్లలో నాకొక జిరాక్స్, ఇంటర్నెట్ షాపు ఉంది. కొన్నేళ్ల కిందట ఏ బుద్ధి పుట్టిందో, సొంతంగా ఒక సర్వర్ తీసుకుని, ఎంతమందైనా ఎవరి బ్లాగు వాళ్లు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. మూడు రోజులు ఏడిపించింది. ఎవరి చిరునామా కొట్టినా నా పేజీయే తెరుచుకునేది. ఎలాగో కుదిరాక, జగిత్యాల డిగ్రీ కాలేజీ దోస్తులందర్నీ రాయమని వేధించాను. మొహమాటానికి రెండేసి ముక్కలు రాసి అందరూ మానేశారు. ఒక్కడు మానలేదు.

వాడిది సిరిసిల్ల. గల్ఫ్‌లో డ్రైవరు. సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ రోజే కూర్చుని, శనివారం నుంచి గురువారం దాకా ఆరు రోజులవీ రాసేసి, రోజుకొకటి పొద్దున ఆరింటికి వచ్చేలా పెట్టేవాడు. ప్రతి దాంట్లోనూ ఒక మాట తప్పకుండా ఉండేది: "మంచిగనే ఉన్న." రేపటి సంగతి ఇవాళే ఎట్లా రాస్తావురా అని ఎగతాళి చేశాను.

"ఇంట్ల ఆమె బీడీలు చేసుకుంట రోజు చూస్తది రా. ఒక్కరోజు రాకున్నా ఆగమైతది" అన్నాడు.

ఒక సోమవారం వాడి రూమ్మేటు ఫోన్ చేశాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఇంటికి కూడా చెప్పారట. మర్నాడు పొద్దున ఆరు దాటగానే వాడి భార్య ఫోన్.

"అన్నా, మీ దోస్తు ఇయ్యాల గూడ రాసిండు! మంచిగనే ఉన్న అన్నడు. గా ఫోన్ చేసినోళ్లు ఎవలను చూసి ఎవలనుకున్నరో!"

ఆ గొంతులో సంతోషం. నిజం తెలిసీ చెప్పలేదు. "చూస్త చెల్లె" అని పెట్టేశాను. పిరికితనం, ఇంకేం కాదు. బుధవారం ఇంకొకటి వచ్చింది. గాలిదుమారం తగ్గిందట, మంచిగనే ఉన్నాడట. ఇక ఉండబట్టలేక సిరిసిల్ల బస్సెక్కాను.

ఆమె చాటలో బీడీ ఆకు పెట్టుకుని కూర్చుంది. అవన్నీ శుక్రవారమే రాసిపెట్టినవని చెప్పాను. ఏడవలేదు. చాట పక్కన పెట్టింది.

"ఇంకెన్ని ఉన్నయి అన్నా?"

"ఒక్కటి. రేపటిది."

"దానంతటదే వస్తదా?"

"రాదు. టైం అయినంక ఎవలన్నా ఆ పేజీ తెరవాలె. తెరిస్తెనే వస్తది. రోజూ తెరిచేది నువ్వే, చెల్లె."

తన ఫోన్ తీసి బోర్లా పెట్టింది. తర్వాత, "అయితె నేను తెరువ. నువ్వు గూడ తెరువకు. ఒక్కటన్న ఉండనియ్యి" అంది.

వెనక్కి రాగానే, ఆ బ్లాగులోకి ఇంకెవరూ రాకుండా తాళం వేశాను. రెండు వారాలకు వాడి శవం పెట్టెలో వచ్చింది. చేయాల్సినవన్నీ ఆమె చేసింది.

ఈ ఏడు కొత్త సర్వర్ తీసుకుని అదే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, పాత బ్లాగులన్నీ దాంట్లోకి మార్చాను. మార్చాక ఒక్కో బ్లాగూ తెరిచి, నడుస్తోందో లేదో చూడాలి. అన్నీ తెరిచాను. వాడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రాతలన్నీ దాచి ఉండే లోపలి పట్టికలో ఆ గురువారం వరుస అలాగే ఉంది. చదవాలంటే నిమిషం పని. చదవలేదు. మంచిగనే ఉన్న అనే రాసుంటాడు. ఆ మాట చూడాలంటేనే నాకు భయం.

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి సర్వర్ మారిందని చెప్పాను.

"రేపటిది ఉన్నదా అన్నా?"

"ఉన్నది చెల్లె."

"తెరువలే గద?"

"తెరువలే."

"అయితె ఇంకొక్కరోజు ఉన్నడు" అని ఫోన్ పెట్టేసింది.