చెయ్యి అందే చోట బ్యాటరీ

వ్యానులో బ్యాటరీలు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత రభస పిల్లల పెళ్ళిళ్ళప్పుడు కూడా జరగలేదు. పెళ్ళికి ముహూర్తం పెట్టేవాడు ఒక్కడే ఉంటాడు. దీనికి ఇంట్లో ప్రతి మగవాడూ పంతులే.

ముందు వ్యాను సంగతి చెప్పాలి. మా ఆయన ఇక్కడ మలేషియాలో, క్లాంగ్‌లో ఫ్యాక్టరీ వ్యాను నడిపేవాడు. తెల్లారకముందే మమ్మల్ని, అంటే చేతి తొడుగుల ఫ్యాక్టరీ ఆడవాళ్ళను, ఎక్కించుకుని గేటు దగ్గర దింపేవాడు. సాయంత్రం మళ్ళీ అదే దారి. వ్యాను యజమాని టౌకే ముసలితనం వచ్చి వ్యాపారం మూసేస్తూ ఆ పాత వ్యానును ఈయనకే అమ్మాడు. సీట్లు పీకించి, మంచం, అలమర పెట్టించి, సముద్రం పక్కన ఆపుకుని పడుకోవాలని మా ఆయన కోరిక.

"ఇన్నాళ్ళూ ఒకడు గంట కొడితే ఆగినాను, ఒకడు గంట కొడితే కదిలినాను. ఇప్పుడు నాకు నచ్చినకాడ ఆపుతాను" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు.

చిక్కంతా ఆయన ఊపిరితో వచ్చింది. నిద్రలో ఆగిపోతుంది. గురక, గురక, తర్వాత ఏమీ ఉండదు. పక్కన పడుకున్నదానికి తెలుస్తుంది ఆ 'ఏమీ లేకపోవడం' ఎలా ఉంటుందో. ఆసుపత్రి వాళ్ళు ముక్కుకు గాలి కొట్టే మిషను ఇచ్చారు. దానికి రాత్రంతా కరెంటు కావాలి. ఆ మిషను వచ్చినప్పటి నుంచి ఆయన ఇల్లు వదిలి ఒక్క రాత్రి ఎక్కడా పడుకోలేదు. కాబట్టి వ్యానులో బ్యాటరీలు ఉండాలి, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ పెట్టె ఉండాలి. ఆయన సముద్రం ఆ పెట్టెలో ఉంది.

నాకూ ఒక కోరిక ఉంది. పక్క తలుపు దగ్గర, మంచం తలవైపు ఆనుకుని ఉన్న అలమర నా వంటకని ముందే చెప్పేశాను. కింద అరలో చిన్న గ్యాస్ పొయ్యి, గ్యాస్ డబ్బాలు, బియ్యం. వండేటప్పుడు పొయ్యి పైన పెట్టుకుని తలుపు తీసి నిలబడి వండుకుంటాను. మోకాళ్ళు మడతపడవు నాకు. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి.

మా పెద్దవాడికి కౌలాలంపూర్‌లో ఆఫీసు ఉద్యోగం. ఫోనులో వీడియోలు చూసి సగం ఎలక్ట్రీషియన్ అయ్యాడు. ఇక్కడివాళ్ళ లాగే మాట చివర 'లా' తగిలిస్తాడు. "ఎనక తలుపు కాడ ఎడతానమ్మా. బరువు ఎనక చక్రాల మీద పడుతాది. కనపడదు. నీట్‌గా ఉంటాది లా" అన్నాడు.

మా మరిది గుడి కమిటీలో ఉన్నాడు. ఆయన వేరే దారి పట్టాడు. "వదినా, నిప్పు సమంధమైనదేదైనా ఆగ్నేయం మూలనే ఉండాల. డ్రైవరు సీటు ఎనకాల మూల ఆగ్నేయమే. నాను సూసినాను."

"ఎక్కడ సూసినావు?"

"మన ఇంటి ముందట ఆపి ఉన్నప్పుడు."

"మరి రోడ్డెక్కి మలుపు తిరిగితే? నీ ఆగ్నేయం కూడా బెల్టు ఎట్టుకుని మనతో వత్తాదేటి?"

"నవ్వు, నవ్వు. రేపు అంటుకుంటే తెలుస్తాది."

నేను చెప్పింది ఒకటే. చెయ్యి అందే చోట పెట్టండి. రాత్రి మిషను ఆగిపోతే లేచేది నేను. మీలో ఎవడూ లేవడు. లేచి దేన్ని ఎక్కడ వెతకాలో అది చెప్పండి ముందు.

ఈ మాట నాకు ఊరికే రాలేదు. బటాంగ్ బెర్జుంటై తోటలో రబ్బరు చెట్లు గీసే రోజుల్లో తెల్లారకముందే లేవాలి. గీత కత్తి, తలకు కట్టుకునే దీపం, బకెట్టు, మూడూ పడుకున్నచోట తలాపునే ఉండేవి. కళ్ళు తెరవకుండా చెయ్యి చాపితే దొరకాలి. ఒక జానెడు పక్కకు జరిపితే మా అమ్మ చేతిలో నాకు దెబ్బలు పడేవి. చదువు లేనివాళ్ళం, ఎక్కడ పెట్టామన్నదే మాకు లెక్క. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి, తెలుగు సంఘం ఆదివారం తరగతిలో, మనవరాలి వయసు పిల్లల పక్కన కూర్చుంటే.

ఎవరూ వినలేదు. వర్క్‌షాపు చీనా ఆయన కూడా మా పెద్దవాడు చెప్పిందానికే తలాడించాడు. "బోలే, బోలే" అని, అంటే అవుతుందని, వెనక తలుపు దగ్గర చెక్క డబ్బా కట్టి, అందులో బ్యాటరీలూ ఇన్వర్టరూ బిగించేశాడు. దాని ముందు మడత కుర్చీలు, గొడుగు, చాపలు.

ఇంటి ముందే ఒక మధ్యాహ్నం పరీక్ష పెట్టారు. మా ఆయన అన్నం తిని వ్యానులో మంచమెక్కి, మాస్కు పెట్టుకుని పడుకున్నాడు. పెద్దవాడు ఐసు కొనుక్కొస్తానని బండెక్కి పోయాడు. పోతూ, "ఏదైనా పెట్టుకో లా అమ్మా, తట్టుకుంటాది" అన్నాడు. నేను కరెంటు కెటిల్ పెట్టాను. నీళ్ళు వేడెక్కక ముందే టక్కుమని అన్నీ ఆగిపోయాయి. ఫ్యాను ఆగింది. మిషను ఆగింది.

కెటిల్ పీకేశాను. అయినా రాలేదు. పెట్టె మీద బొత్తాం నొక్కితేగాని మళ్ళీ రాదట, అది ఆ తర్వాత చెప్పారు. దిగి వెనక్కి పోయాను. తలుపుకు తాళం. తాళంచెవి పెద్దవాడి జేబులో. లోపలి నుంచి చూస్తే కుర్చీల వెనక, చాపల వెనక, చెక్క వెనక ఉంది ఆ బొత్తాం. ఇంతలో మా ఆయన నిద్రలోనే మాస్కు లాగి పారేశాడు. గురక మొదలైంది. తర్వాత ఆగింది.

భుజం పట్టుకుని కుదిపాను. లేవలేదు. మళ్ళీ కుదిపాను, గట్టిగా, తల మంచం పట్టెకు తగిలేలా. పెద్ద శబ్దంతో గాలి పీల్చుకుని కళ్ళు తెరిచాడు.

"ఏటే, సముద్రం వచ్చినాదేటి?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపం ముందు బయటపడింది. ఐసు సంచితో దిగుతున్న మా పెద్దవాడి మీద పడింది.

"కుర్చీలు పీకి, చాపలు పీకి, బొత్తాం నొక్కేసరికి మీ నాన్నకి నీళ్ళు వదలాల! నీట్‌గా ఉన్నాదా? ఇంకా నీట్‌గా పడుకుంటాడు."

"ఇది పగలే కదమ్మా..."

"పగలు కాబట్టి నానున్నాను!"

వాడు ఐసు సంచి కింద పెట్టి, వెనక తలుపు తాళం తీసి, కుర్చీలు బయటికి లాగాడు. తర్వాత మంచం కింద పెడదామన్నాడు. ఆ డబ్బా పెడితే మంచం ఎత్తు పెరుగుతుంది, ఈ మనిషి దాని మీదికి ఎలా ఎక్కుతాడు? పైగా వేడి వీపు కింద ఉంటుంది. సరే, ఆగ్నేయం మూల చూశాం. అక్కడ ఆ డబ్బా సగం కూడా పట్టదు. మా మరిది కొలిచి, టేపు జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు నేను మా ఆయన్ని మంచం మీద మళ్ళీ పడుకోమన్నాను. నేను పక్కన పడుకుని, కళ్ళు మూసుకుని, ఆయన మీదుగా చెయ్యి చాపాను. ఎక్కడ తగిలిందో అక్కడ సుద్దముక్కతో గీత గీయమని పెద్దవాడితో అన్నాను.

గీత నా వంట అలమర మీద పడింది.

వేరే ఎక్కడైనా పడాలని ఇంకోసారి చాపాను. అక్కడే పడింది. రెండూ పెట్టుకుందామంటే, గ్యాస్ డబ్బాలూ బ్యాటరీలూ ఒకే అలమరలో ఉండకూడదని పెద్దవాడు అన్నాడు. అది మాత్రం వాడు నిజమే చెప్పాడు. నా మాటే నెగ్గింది, నా అలమరే పోయింది. ఎవరిని తిట్టాలో తెలియక రెండు రోజులు అందరినీ తిట్టాను.

బ్యాటరీలు నా బియ్యం ఉండాల్సిన అరలోకి వచ్చాయి. ఇన్వర్టర్ పైన, తలుపు సందులోంచి గాలి తగిలేలా బిగించారు. బొత్తాం అలమర బయటివైపు, గీత పడ్డచోట. పక్కనే రెండు ప్లగ్గులు. తెల్ల టేపు అంటించి, ఒకదాని మీద 'ఊపిరి' అని, రెండోదాని మీద 'మిగతావి' అని నా చేత్తో రాశాను. అక్షరాలు కొంచెం వంకరే, చదవొచ్చు.

కాని మా పెద్దవాడు చదవలేడు. మలాయ్, ఇంగ్లీషు చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు, అంతే. సముద్రానికి బయల్దేరిన రోజు, వ్యాను ఇంకా ఇంటి ముందు ఉండగానే ఫోను తెచ్చి 'ఊపిరి'లో గుచ్చాడు.

"ఒరే, అది మీ నాన్న ముక్కురా!"

"నాకెలా తెలుస్తాది లా? ఏటి రాసినావో!"

ఇంగ్లీషులో రాయడం నాకు రాదు, తెలుగు చదవడం వాడికి రాదు. ఫోను పీకి వాడి చేతిలో పెట్టాను.

కువాలా సెలాంగోర్ దాటి ఒక చేపల రేవు పక్కన ఆపాడు మా ఆయన. తనకు నచ్చినకాడే. ఆ రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు. మిషను నడిచింది, ఆయన పడుకున్నాడు. నేను మాత్రం పడుకోలేదు. నాలుగైదు సార్లు చెయ్యి చాపి బొత్తాం ఉందో లేదో చూసుకున్నాను. ఎక్కడికి పోతుంది, ఉంది.

పొద్దున్న టీ పెట్టాలి. పొయ్యి తీసుకుని దిగాను. ఇసుకలో ముక్కాలి పీట వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని, వంగి వెలిగించాను. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను. మళ్ళీ ఆరిపోయింది. వ్యానులో నా అలమరలో చల్లగా, హాయిగా బ్యాటరీలు కూర్చున్నాయి.

నిండా నిద్రపోయిన ముఖంతో మా ఆయన తలుపులోంచి తల బయటపెట్టాడు. "టీ ఏదే? ఇంత సేపేటి?"

"అర నీకిచ్చినాను, నిద్ర నీకిచ్చినాను. ఇప్పుడు గాలి కూడా నానే ఆపాలేటి? దిగు!"

దిగాడు. లుంగీ పైన కప్పుకున్న దుప్పటి విప్పి, రెండు చేతులా చాపి, సముద్రానికి వీపు పెట్టి గాలికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇంకొంచెం ఎడమకి" అన్నాను. జరిగాడు. "అంత కాదు" అన్నాను. నీళ్ళు మరిగేదాకా చేతులు దించనివ్వలేదు.