చీనారాణి అడిగిన ఎముక

మక్తల్ అవతలి ఆ ఊళ్లో నాగరాణిని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. బస్సు దిగగానే "ఏందే చీనారాణీ, ఎప్పుడొచ్చినవ్?" అంటారు. వెక్కిరింపుగా పుట్టిన పేరే. గొర్లు కాసే కురుమ లింగస్వామి బిడ్డ చైనా భాష చదువుతోందంటే ఊరికి అంతకంటే నవ్వులాట ఏం కావాలి?

ఆమె కోరి చేరిన చదువు కాదది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఇంటర్ పాసై హైదరాబాద్ పోయింది. ఇంగ్లిష్‌లో సీటు రాలేదు. "చైనీస్‌ల జాగలు మిగిలినయి, చేరుతవా?" అన్నాడు గుమాస్తా. ఉత్త చేతులతో ఇంటికి పోతే మేనమామ కొడుకుతో లగ్గం ఖాయం. చేరింది.

హాస్టల్‌లో ఎవరైనా మీ నాన్న ఏం చేస్తారని అడిగితే "వ్యవసాయం" అనేది. అబద్ధం కాదు, రెండెకరాల చెలక ఉంది. నిజమూ కాదు. బట్టల పెట్టెలోంచి గొర్ల వాసన వస్తోందేమోనని సెంటు కొట్టి మరీ తెరిచేది.

ఒకరోజు తరగతిలో సారు బోర్డు మీద ఒక అక్షరం గీశాడు. చైనావాళ్ల అక్షరం మన అ, ఆ లాంటిది కాదు. ఒక్కో అక్షరానికీ సొంత అర్థం ఉంటుంది, చాలావాటికి పుట్టుక ఒక బొమ్మలో ఉంటుంది. ఆయన గీసినదానికి పైన రెండు చిన్న కొమ్ములు, కింద మూడు అడ్డగీతలు, నడుమ ఒక నిలువు గీత. ఏమిటో చెప్పమన్నాడు. చెట్టన్నారు, నిచ్చెనన్నారు.

"గొర్రె," అంది నాగరాణి. అనేశాక నాలుక కరుచుకుంది. వెనక బెంచీలు నవ్వాయి.

"గొర్రే," అన్నాడు సారు. మూడు వేల ఏళ్ల కిందట అది ఎలా ఉండేదో పక్కనే గీసి చూపించాడు. వంగిన కొమ్ములు, కిందికి దిగిన ముట్టె, అచ్చం నాగరాణి వాళ్ల దొడ్లో పొట్టేలే. తర్వాత వరుసగా చూపించాడు. అందం అనే అక్షరంలో పైన గొర్రె. మంద అనే దానిలో గొర్రె. ధర్మం అనే అక్షరం పాత రూపంలోనూ నెత్తిమీద గొర్రె. కాలం గడిచి రాత సులువు చేసుకునే క్రమంలో ధర్మంలోంచి గొర్రె ఎగిరిపోయి మూడు గీతలు మిగిలాయట. నాగరాణి లేచి నిలబడింది. "మావి గొర్లే సార్," అంది. ఎవరూ అడగలేదు.

ఆ సెలవులకు ఇంటికొచ్చి వాకిట్లో పుల్లతో ఆ అక్షరం గీసింది. లింగస్వామి గొంగడి భుజాన వేసుకుని వంగి చూశాడు.

"గీ చీనోళ్లకు మన పొట్టేలెట్ల ఎరుకనే?"

"మనదే కాదు నాయినా, వాళ్లకు గూడ ఉన్నయి."

"మరి గీ చదువుకు నౌకరొస్తదా, పొట్టేలే వస్తదా?"

పక్కనే ఉన్న మెర్సీ పడీపడీ నవ్వింది. మెర్సీ మాదిగవాడ సుక్కమ్మ బిడ్డ. పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. తర్వాత మెర్సీ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి మక్తల్ దవాఖానలో కాంట్రాక్టు కొలువులో చేరింది. సూది గుచ్చి రక్తం తీయడం, పరీక్ష చేసి కాగితం ఇవ్వడం ఆమె పని.

వీళ్ల స్నేహం ఎంతటిదో కరోనా ఏడాది తేలిపోయింది. నాగరాణి హైదరాబాద్ నుంచి ఇంటికి చేరిన నాలుగు రోజులకే ఊళ్లో పుకారు లేచింది. చీనా చదువు చదివే పిల్ల చీనా రోగం తెచ్చిందట. లింగస్వామి గొర్ల పాలు ఎవరూ ముట్టలేదు. బోరింగు దగ్గర నాగరాణి తల్లి బిందె పెడితే ఆడవాళ్లు తమ బిందెలు దూరం జరిపారు. నాగరాణి పుస్తకాలన్నీ మూటగట్టి గడ్డివాములో దోపింది. తాను చదివిన ప్రతి అక్షరమూ నేరంలాగే తోచింది. అప్పుడు మెర్సీ మూతికి గుడ్డ కట్టుకుని, పరీక్ష సామాను పట్టుకుని నడివీధిలో వాళ్లింటికి వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసింది. బయటికొచ్చి బోరింగు దగ్గర నిలబడి అందరికీ వినిపించేటట్టు అరిచింది.

"ఏ రోగం లేదు! మనుషుల్ని ముట్టకుండ దూరం పెడితే ఎట్లుంటదో మా వాడకొచ్చి అడుగుండ్రి, మేం చెప్తం!"

ఆ సాయంత్రమే బిందెలు మళ్లీ దగ్గరకొచ్చాయి.

నాగరాణి ఎమ్మే అయ్యాక పరిశోధనలోకి పోయింది. చైనా అక్షరాల మొట్టమొదటి రూపాలు ఆమె అంశం. ఆ రూపాలు మనకు దొరికేది ఎముకల మీద. ఎద్దు జబ్బ ఎముక విసనకర్రలా వెడల్పుగా, పల్చగా ఉంటుంది. అలాంటి ఎముకలనూ తాబేలు చిప్పలనూ శుభ్రం చేసి, నిప్పుతో కాల్చి, పడిన పగుళ్లను చూసి రాజులు సోది చెప్పించుకునేవాళ్లు. ఏం అడిగారో ఎముక మీదే చెక్కించేవాళ్లు. వాన వస్తుందా, వాన రాదా? పంట పండుతుందా, పండదా? మక్తల్ చెలకల్లో పుట్టిన పిల్లకు ఈ ప్రశ్నలు కొత్తేం కావు.

అక్కడే ఆమెకు ఇంకో అక్షరం ఎదురైంది. కింద మనిషి, మనిషి తలకు గొర్రె కొమ్ములు. పడమటి కొండల్లో గొర్లు కాసుకునే జనానికి రాజులు పెట్టిన గుర్తు. ఎముకల మీద ఆ అక్షరం ఎక్కడెక్కడ వస్తుందో వెతుక్కుంటూ పోయింది. వాళ్లను పట్టుకొచ్చి దేవతలకూ చనిపోయిన తాతముత్తాతలకూ బలి ఇచ్చేవాళ్లు. ఎంతమందిని ఇయ్యాలె అని ఎముకనే అడిగేవాళ్లు. అందంలో గొర్రెను, ధర్మంలో గొర్రెను పెట్టిన లిపిలోనే గొర్ల కాపరి బలిపశువు.

ఆ సంగతి మీద నాగరాణి ఒక సదస్సులో మాట్లాడింది. రాయడం వచ్చినవాడు రాయడం రానివాణ్ని ఏం చేశాడో చూడండని మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. ఆ వీడియో మెర్సీకి పంపింది. "మంచిగ కడిగేసినవే," అని జవాబొచ్చింది.

ఇక ఎముక సంగతి. యూనివర్సిటీలో, వాళ్ల శాఖలో ప్రదర్శన పెట్టాలనుకున్నారు. పాతకాలపు అక్షరాల్లో గుండ్రటివి ఎందుకు పలకలుగా మారాయో జనం కళ్ల ముందు చేసి చూపిస్తానంది నాగరాణి. మెత్తటి మట్టి మీద సూర్యుణ్ని గుండ్రంగా గీయొచ్చు. గట్టి ఎముక మీద ఉలి వంపు తిరగదు, అందుకే సూర్యుడు నాలుగు పలకలయ్యాడు. అది చూపించాలంటే నిజమైన జబ్బ ఎముక కావాలి.

ఎముక వాళ్ల చెలకలోనే ఉంది. కిందటేడు, కోసిన జొన్న మోళ్లకు విషంలాంటి లేత పిలకలు వస్తే, కట్టు తెంపుకుని పోయి మేసి, వాళ్ల ఎద్దు నురగ కక్కి చచ్చిపోయింది. లింగస్వామి దాని మెడ మీద పడి ఏడ్చాడు. జేసీబీ పిలిపించి గుంత తీయించి, పసుపు చల్లి పూడ్చాడు. ఇప్పుడు ఆ ఊళ్లో పశువు చస్తే అంతే, జేసీబీనో ట్రాక్టరో రావాలి. ఒకప్పుడు మాదిగవాడ రావాల్సి వచ్చేది. మెర్సీ తాత కాలంలో వాడ వాడంతా చర్చి ముందర నిలబడి ఒట్టేసుకుంది, చచ్చిన గొడ్డును ఇక ముట్టేది లేదని. మోత తాళ్లన్నీ తెచ్చి అక్కడే తగలబెట్టారు. ఊరు ఊరుకుంటుందా? కూలికి పిలవడం మానేసింది, కిరాణా దుకాణం బంద్ పెట్టింది. కొత్త కోడలిగా వచ్చిన సుక్కమ్మ ఆ ఎండాకాలమంతా చింతచిగురు ఉడికించుకుని తిని బతికింది. ఆ కథ నాగరాణి చిన్నప్పుడు సుక్కమ్మ నోటనే విన్నది. తెలియదనడానికి లేదు.

ఆదివారం చర్చి విడిచాక నాగరాణి వాళ్లింటికి పోయింది. సుక్కమ్మ చాటలో కందులు చెరుగుతోంది. మెర్సీ గడపలో కూర్చుని తల దువ్వుకుంటోంది.

"రావే చీనారాణీ. ఏంది, రక్తం తియ్యాల్నా?"

"ఒక పనుందే మెర్సీ. మా ఎద్దు సచ్చిపాయె గద, చెల్కల బొంద పెట్టినం. దాని జబ్బ ఎముక గావాలె నాకు. చదువుకు."

"తీసుకో మరి."

"నాకు చెయ్యొస్తలేదే. యాక్, ఎట్లనో ఉన్నది. మీ వాడల ఎవరన్న తీసిస్తరా? అత్తమ్మను అడుగుదమని వచ్చిన. మీకైతే తెలుస్తది గద."

చాట ఆగిపోయింది.

మెర్సీ దువ్వెన కింద పెట్టింది. "ఏం తెలుస్తది మాకు?"

"అదే... యాడుంటది, ఎట్ల తియ్యాలె..."

"నేను పుట్టినంక మా ఇంట్ల ఎవ్వరు గొడ్డును ముట్టలే. నాకు తెలిసిన ఎముకలు ఎక్స్‌రేల కనవడేటియి. నీకు తెలిసినన్నే నాకు తెలుసు."

"ఊకో బిడ్డా," అంది సుక్కమ్మ. "ఆ పిల్ల తెల్వక అడిగింది."

"తెల్వకనా? గంత చదువు చదివినంక గూడ తెల్వకనా అమ్మా?"

సుక్కమ్మ మళ్లీ కందులు చెరగడం మొదలుపెట్టింది. రాళ్లు లేని చోట కూడా వేళ్లు వెతుకుతున్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. నాగరాణి ఎప్పుడు కదిలిందో, ఏ దారిన ఇంటికొచ్చిందో ఆమెకే గుర్తు లేదు. తాను అడిగిన మాటే చెవుల్లో తిరుగుతోంది. మీకైతే తెలుస్తది గద. కరోనా కాలంలో తన గడప తొక్కిన ఒకే ఒక్క మనిషి గడప ముందర నిలబడి ఆ మాట అన్నది. నోరు జారి అన్నది కూడా కాదు. తేలిగ్గా వచ్చింది, నీళ్లు అడిగినంత తేలిగ్గా.

మర్నాడు గడ్డపార, పార తీసుకుని తానే పోయింది. పట్టపగలు, దారిన పోయేవాళ్లు చూస్తుండగానే తవ్వింది. మన్ను గట్టిపడి అరచేతులు బొబ్బలెక్కాయి. మొదట పక్కటెముక తగిలింది, వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని మళ్లీ తవ్వింది. జబ్బ ఎముక చేతికొచ్చే వేళకు లింగస్వామి మందను తోలుకుంటూ అటుగా వచ్చాడు.

"ఏం జేస్తున్నవే?"

తిడతాడనుకుంది. ప్రాణంగా పెంచుకున్న ఎద్దు. ఎందుకో చెప్పి ఎముక చూపించింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని మట్టి తుడిచాడు. కళ్లు చెమర్చాయి. బిడ్డ బొబ్బలు చూసి మెత్తగా అన్నాడు.

"నీకెందుకే బిడ్డా గీ పని? సుక్కమ్మోళ్లను పిలిస్తే తీసిద్దురు గద. గది వాళ్ల పనాయె."

"గట్లనకు నాయినా!" అని గట్టిగా అరవబోయింది. ఏమని అరుస్తుంది? నిన్న తాను పోయి అడిగింది అదే కదా! ఆయన సదస్సుల్లో మాట్లాడడు, అంతే తేడా.

హైదరాబాద్ బస్సు ఎక్కే ముందు మక్తల్ దవాఖానకు పోయింది. సంచీలో తువ్వాలలో చుట్టిన ఎముక ఉంది. రక్తపరీక్షల కిటికీ ముందు చాంతాడంత లైను. తన వంతు వచ్చేదాకా నిలబడింది. కిటికీలోంచి మెర్సీ తలెత్తింది.

"నేనే తవ్వుకున్న మెర్సీ. తప్పయింది."

"విన్న. ఊరంత చెప్పుకుంటున్నరు. అయితే ఏంది? నువ్వు తవ్వినవని చప్పట్లు గొట్టాల్నా?"

"గట్ల కాదే..."

"గొర్లు గాసేటోళ్లను బలిచ్చిండ్రని ఆ ఎముకలు సదివి ఏడ్సినవు. నేను గూడ నీతోపాటు ఏడ్సిన, ఎరుకనా? మరి ఆ ఎద్దుల్ని కోసిందెవరు? మాంసం గీకి, కడిగి, రాజు చేతికిచ్చిందెవరు? వాళ్ల గురించి ఎన్నడన్న అడిగినవా?"

అడిగినవాడి పేరు, సోది చెప్పినవాడి పేరు ఎముకల మీద ఉంటాయి. మాంసం గీకినవాళ్ల సంగతి నాగరాణి చదివినంతలో ఎక్కడా లేదు. లేదన్న సంగతి కూడా ఇప్పటిదాకా ఆమెకు తట్టలేదు.

"అమ్మా, జర జరుగు. మా పోరనికి జరమున్నది," అంది వెనక ఒకామె.

నాగరాణి పక్కకు జరిగింది. "ఆ, తర్వాత ఎవరు? చెయ్యి పెట్టు నాయినా, చీమ కుట్టినట్లుంటది," అంటోంది మెర్సీ. మళ్లీ ఇటు చూడలేదు.

ప్రదర్శనకు జనం బాగానే వచ్చారు. నాగరాణి బల్ల ముందు కూర్చుని ఎముక మీద సూర్యుణ్ని చెక్కడం మొదలుపెట్టింది. ఒక పక్క, రెండో పక్క, మూడో పక్క. చూస్తున్నవాళ్లలో ఒక పెద్దాయన ఇంత మంచి ఎముక ఎక్కడ దొరికిందని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు పక్కనున్న ప్రొఫెసరు మురిపెంగా అందుకున్నాడు.

"వాళ్ల ఊళ్లో సొంత చేతులతో తవ్వి తీసిందండీ. ఎవరు చేస్తారు ఈ రోజుల్లో? బొబ్బలు కూడా మానలేదు, చూడండి!"

హాలంతా చప్పట్లు కొట్టింది.

ప్రొఫెసరు చెప్పింది నిజమే, తప్పు దిద్దడానికి అందులో ఒక్క మాట లేదు. "అట్ల కాదు సార్" అని నోటిదాకా వచ్చింది. అట్లా కాకపోతే ఎట్లానో చెప్పాలంటే సుక్కమ్మ వాకిలి చెప్పాలి, చాట ఆగిపోవడం చెప్పాలి. ఆమె చెప్పలేదు. రెండు అరచేతులూ బల్ల కిందికి దాచుకుంది. చప్పట్లు ఆగేదాకా తలెత్తలేదు, ఆగాక కూడా ఉలి పట్టుకోలేదు. ఎముక మీద సూర్యుడు మూడు పక్కలతో, నాలుగోది లేకుండా, అట్లాగే ఉండిపోయాడు.