థియేటర్ అన్నాను, అంతే

నా చదువుకు నేను చేసుకున్నంత నష్టం మా ఇంటర్మీడియట్ లెక్కల సారు కూడా చేయలేకపోయాడు. అదీ ఒక్క మాటతో. ఆ మాటలో బూతు లేదు, అబద్ధం లేదు. అయినా మా బంధువులంతా నన్ను నేను కాని మనిషిగా చూస్తున్నారు. ఇందులో నా తప్పెంతో మీరే చెప్పండి.

నాకు కథలు రాయాలని, నాటకాలు వేయాలని కోరిక. కానీ జనగామలో మా ఇంట్లో నాటకమంటే ఒకటే అర్థం. కడుపునొప్పని బడి ఎగ్గొడితే నాటకం, తలనొప్పని దుకాణానికి పోకపోతే నాటకం. అలాంటి ఇంట్లో నాటకాలు చదువుతానంటే చదువు సంగతి అటుంచి, అన్నం కూడా పెట్టరు. అందుకని తెలివిగా ఇంగ్లీషును అడ్డం పెట్టుకున్నాను. మా బట్టల దుకాణంలో బాపు చీరలు మడతపెడుతుండగా గొంతు సవరించుకున్నాను.

"బాపూ, డిగ్రీల థియేటర్ స్టడీస్ తీసుకుంట. దాంతోని క్రియేటివ్ రైటింగ్ గూడ ఉంటది."

బాపు చీర పక్కన పెట్టాడు. అది నా మీదికి వస్తుందనుకున్నాను.

"థియేటరా? మంచిదే గద బిడ్డా. ఎప్పటికీ గిరాకి ఉండే పని. కండ్లు తిరుగయి గద నీకు?"

స్టేజి భయం గురించి అడుగుతున్నాడనుకుని, తిరగవన్నాను. ఇంత ఆధునికుడైన తండ్రిని ఇన్నేళ్లూ తక్కువ అంచనా వేసినందుకు కాస్త సిగ్గుపడ్డాను కూడా.

రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది. ఒకదానికి సొంత రంగస్థలం ఉంది, లైట్లున్నాయి, వారం వారం నాటకాలున్నాయి. రెండోదానికి ఆవరణలో పెద్ద ఆసుపత్రి ఉంది. బాపు రెండోదే ఖాయం చేశాడు. "దవాఖాన దగ్గరుండాలె బిడ్డా, గదే ముఖ్యం" అన్నాడు. నా ఆరోగ్యం మీద ఆయనకున్న బెంగకు కరిగిపోయి, రంగస్థలాన్ని వదిలేశాను.

మహబూబాబాద్‌లో మందుల దుకాణం నడిపే మా మేనమామ ఫోన్ చేసి, రైటింగ్ కూడా ఉన్నందుకు తెగ మెచ్చుకున్నాడు. ఈ కాలం వాళ్లు రాసేది ఒక్క ముక్క అర్థం కావడం లేదని, నేనైనా మనుషులు చదివేటట్టు రాయాలని కోరాడు. స్పష్టత గురించి అంత సూటిగా చెప్పిన విమర్శకుణ్ణి నేను చూడలేదు.

యూనివర్సిటీలో చేరడానికి ముందు రోజు భూపాలపల్లిలో మా మేనత్త గృహప్రవేశం. భోజనాలయ్యాక మేనత్త భర్త నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. చొక్కా పైకెత్తాడు.

"అల్లుడూ, గీ హెర్నియాకు ఆపరేషనంటున్రు. కోసేటప్పుడు నువ్వు లోపట్నే ఉంటవంట గద. మత్తు జర ఎక్కువ ఇయ్యమని చెప్పు."

"నేనెందుకుంట మామా? నాది నాటకాల కోర్సు."

"నాటకాలేంది? ఆపరేషన్ థియేటర్ కోర్సని మీ బాపు అందరికీ చాటింపేసిండు."

అంతవరకు విన్న మాటలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాయి. కండ్లు తిరగడం, దవాఖాన, రాత, అన్నీ. రంగస్థలం ఉన్న చోట సీటు గడువు అప్పటికే ముగిసింది. ఆవేశంలో తలుపు తీసి, థియేటరంటే ఏమిటో ఇల్లంతా వినపడేలా ఉపన్యసించాను. ఎదురుగా బాపు, చేతిలో తాంబూలం.

ఇంటికి తిరిగొచ్చే బస్సు పరకాల దాటాక నేనే ధైర్యం చేశాను.

"బాపూ, రేపు పంపుతవా, పంపవా?"

"పంపకుంటే మందికి ఏం జెప్పాలె? పో, మంచిగ నేర్సుకో. పోరడు నవ్వులాటకు పరాష్కమాడిండని మీ మామకు, అందరికి నేను జెప్త. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మాత్రం ఆపరేషన్ థియేటర్ల పనిచేసేటోని లెక్క ఉండాలె. నీకు యాక్టింగ్ వస్తదో రాదో నేను గూడ జూస్త."

అలా క్లాసుకు వెళ్లకముందే నాకు మొదటి వేషం దొరికింది. యూనివర్సిటీ ఇప్పటిదాకా నాకిచ్చింది ద్వారపాలకుడి పాత్ర. ఇంటి దగ్గర మాత్రం నేనే కథానాయకుణ్ణి. కుట్లు చూపించేవాళ్లు చూపిస్తారు, నేను గంభీరంగా తలూపి, "మీ డాక్టర్‌ను అడగండి" అంటాను. డైలాగు అదొక్కటే. అయినా ప్రతిసారీ హౌస్‌ఫుల్.

నన్ను పోషిస్తున్న ఈ ప్రేక్షకుల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఇంట్లోవాళ్లు నా మాటకు వెంటనే ఒప్పుకుంటే, దేనికి ఒప్పుకున్నారో తేలేదాకా సంతోషపడను గాక పడను.