మొదటి బంతి

మా మేనత్త పోయిన కబురు నాకు ఫోన్లో వచ్చింది. చేసింది మా నాయన. "మీ అత్త పోయిందమ్మా. బిన్నా రా, వచ్చే బస్సుకే. వచ్చినోళ్లకు టీ కాంచేదానికి కూడా ఈడ ఆడోళ్లు చాల్లేదు," అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. తోడబుట్టిన చెల్లెలు వాకిట్లో శవమై ఉంటే ఆయనకు గుర్తొచ్చింది టీ! ధర్మవరంలో మగ్గం దగ్గర నుంచి లేచి బస్సెక్కాను గానీ, సోమందేపల్లె దాకా పళ్లు కొరుకుతూనే ఉన్నాను.

మొగుడు చనిపోయి, పైన వానల్లేక శనక్కాయ చేను ఎండిపోయి, తొంభైల చివర్లో మా అత్త కువైట్‌కు ఇంటిపనికి పోయింది. అదే ఇంట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయితో దోస్తీ కుదిరింది. ఒక సెలవునాడు ఆ అమ్మాయి అత్తను పెద్ద షాపింగ్ భవనానికి తీసుకుపోయింది. పై అంతస్తులో చుట్టూ తిండి కొట్లు, నడుమ అందరికీ కలిపి బల్లలూ కుర్చీలూ. వాళ్ల దేశపు కొట్లో కోడిని పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాలుస్తున్నారట. ఆ సంగతి అత్త నోటితోనే వినాలి.

"పళ్లెం తీసుకోని నేను గోడవారకు పోయి నిలబడినా, అందురూ తిననీలే అని. ఆ పిల్ల నా రెక్క పట్టుకోని కుర్చీలో కూచోబెట్టినాది. కోడి పొగలు పోతాండాది. పుల్లగా, తియ్యగా, తెల్లగడ్డ వాసన. కండ్లల్లో నీళ్లు కారిపోయినాయి పాపా. ఏమైందని అడిగితే కారమని చేత్తో సైగ చేసినా. దాంట్లో కారం యాడుండాది? అంత వయసొచ్చినాక, అదే నేను మొదటిసారి కూచోని తిన్న వేడి ముక్క."

ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మన ఇళ్లల్లో పొయ్యి ముందు మాడేది ఎవరు, గిన్నె అడుగు గీక్కునేది ఎవరు? మీరే చెప్పండి.

తిరిగొచ్చాక అత్త హైవే పక్కన రేకుల షెడ్డు వేసింది. కోడికి నిమ్మరసం, బెల్లం, తెల్లగడ్డ పట్టించి, ఇనుప సీకులకు గుచ్చి కాల్చేది. అన్నం బదులు సంగటి ముద్ద. కోడికి కారం మాత్రం పట్టించేది కాదు. "కారం లేని కోడి కోడేనా అక్కా?" అని లారీ డ్రైవర్లు ఎగతాళి చేస్తే, "కావాలంటే ఊరిబిండి నంజుకో నాయనా," అని శనక్కాయల పచ్చడి చూపించేది. కొట్టు ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అవి ఆడవాళ్లవి. సీకు దిగగానే మొదటి ముక్కలు వాళ్లకే. మగవాళ్లు బెంచీ మీద ఆగాల్సిందే.

ఊరు ఊరుకుంటుందా? కువైట్ పోయొచ్చి తలకెక్కిందన్నారు. ఒకరోజు కలుపు కూలి నుంచి వచ్చిన ఒకామె అక్కడ తింటుంటే మొగుడు దిగబడ్డాడు. "ఏమే, నేను తినకముందే తింటాండావా?" అని అరిచాడు. అత్త విసనకర్ర కూడా ఆపలేదు. "ఏమప్పా, ఆయమ్మ కూలికి పోయొచ్చినాది. నువ్వు యాడికి పోయొచ్చినావు?" బెంచీ అంతా ఘొల్లుమంది. అతను పక్క కుర్చీని ఫెడీమని తన్ని, పెళ్లాన్ని లాక్కుపోయాడు. విరిగిన కాలికి అత్త ఇనుప తీగ చుట్టింది. ఆమె మాత్రం మళ్లీ ఆ కొట్టుకు రాలేదు.

"వండేటోళ్ల కడుపు కాలతా ఉంటే కూటికి రుచి యాడనుంచి వస్తాది?" అనేది అత్త.

అలాంటి మనిషి దివసాలకు ఏం జరిగిందో వినండి. అత్తకు ఇష్టమని ఆ కోడే చేశాం. తెల్లారకముందు నుంచీ వండింది ఆడవాళ్లు. మా నాయన వచ్చి, "మొగోళ్లంతా కూచోండప్పా, ఆకులేసినారు," అన్నాడు. మగవాళ్లు బంతి మీద కూర్చున్నారు. అందరికంటే ముందు ఆకు పట్టింది ఎవరనుకున్నారు? ఆ కుర్చీ తన్నిన మహానుభావుడే! "మంచి మనిషప్పా ఆయమ్మ," అంటున్నాడు. చెమటలు కక్కుతూ ఆడవాళ్లు గోడవార నిలబడ్డారు. అతని పెళ్లాం కూడా.

గోడవార! నాకిక ఆగలేదు. షెడ్డులోంచి ఆ నాలుగు కుర్చీలూ తెచ్చి వాకిట్లో వేశాను. సీకుల నుంచి అప్పుడే తీసిన కోడి ముక్కల గిన్నె ఎత్తుకుని, మగవాళ్ల ఆకుల ముందు నుంచే నడిచిపోయాను.

"ఇది యాడన్నా ఉండాదా? నలుగుర్లో నా తల తీస్తాండావే!" అని అరిచాడు మా నాయన.

"అత్త కొట్లో ఉండేది నాయనా. ఈ పొద్దు అత్తది," అన్నాను.

మా నాయన తల దించుకుని ఆకు మీద నీళ్లు చల్లుకున్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మూడు కుర్చీలు నిండాయి. తీగ చుట్టిన కుర్చీ మిగిలింది. అతని పెళ్లాం మొగుడి వైపు చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. వచ్చి అందులో కూర్చుంది.

పొగలు పోతున్న ముక్క ఆమె పళ్లెంలో పెట్టాను. ఊదుకోకుండానే నోట్లో వేసుకుంది. కళ్లనుంచి నీళ్లు జారాయి.

"ఏమైందక్కా?" అన్నాను.

"ఏంలేదు పాపా, కారం ఎక్కువైనాది," అని ఇంకో ముక్క తీసుకుంది.