అమ్మ చెప్పిన పచ్చ కిటికీ

జెడ్డా వచ్చినవాళ్ళు అక్కడి పాత పేట బలద్‌లో వర్తకుల ఇళ్ళు చూడటానికి వెళతారు. నేను మాత్రం అమ్మ గది చూడటానికి వెళ్ళాను. మా చిన్నప్పుడు అమ్మ అక్కడ ఒక ముసలావిడ ఇంట్లో పనికి కుదిరింది. "కిటికీ పక్కనే నా పక్క, ఒకటే గాలి" అని ఫోన్లో మురిసిపోయేది. చెక్కడాల పచ్చ కిటికీ దగ్గర దిండుకి ఆనుకుని కూర్చున్న ఫోటో కూడా పంపింది. అమ్మ ఇప్పుడు లేదు. అక్కడైనా సుఖపడిందన్నదే నాకూ చెల్లికీ మిగిలిన ఊరట. ఆ ఇల్లు బాగుచేసి జనానికి తెరిచారని తెలియగానే, "అమ్మ పడుకున్నచోట కూర్చుని ఫోటో తీసి పంపక్కా" అని చెల్లి నా ప్రాణం తీసింది.

నేను నర్సుగా పనిచేసే రాబిగ్ నుంచి బలద్‌కి కారులో రెండు గంటలు. శుక్రవారం భోజనాలయ్యాక మా ఆసుపత్రి డ్రైవరు, రాయచోటి మస్తాన్‌తో బయలుదేరాను. ఆకాశమంతా దుమ్ము. సందులన్నీ మరమ్మతు కర్రలు, మూసిన తలుపులు. ఇల్లు సాయంత్రం అసర్ నమాజు తర్వాత తెరిచారు, టికెట్ లేదు. పగడపు రాతి గోడలు, ఎత్తు మెట్లు. మొదటి అంతస్తులోనే కనిపించింది ఫోటోలోని కిటికీ. చెక్కడంలో విరిగిన నక్షత్రం కూడా అలాగే ఉంది. కిటికీ తలుపులకు మేకులు కొట్టేశారు, గాలి రాదు.

"ఇదే మా అమ్మ గది" అన్నాను.

మస్తాన్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "సిస్టర్, ఇది మజ్లిస్. వచ్చిన మొగోళ్ళు కూచునే గది. పనోళ్ళను ఈడ పండుకోనియ్యరు."

ఫోను తీసి ఫోటో చూపించాను. వేలు పెట్టి అమ్మ భుజం మీది గుడ్డ చూపించాడు. మేం దాన్ని తువ్వాలనుకునేవాళ్ళం.

"దుమ్ము తుడిచే గుడ్డ అది. ముసలామె నిద్రపోయినప్పుడు కూచోని తీయించుకొనుంటాది. అందరం అంతే సిస్టర్. నేను గూడా నన్ను పనికి పిలిపించుకున్న కఫీల్ కారుకు ఆనుకోని తీయించుకుంటి, మా ఇంట్లో ఇప్పటికీ అది నా కారే."

పనివాళ్ళ గది ఎక్కడని అడిగితే కాపలాదారు కింద మెట్ల అడుగున ఒక తలుపు తీశాడు. చీపుళ్ళు, బకెట్లు, చెమ్మ వాసన. కిటికీ లేదు. నేల మీద పడుకుని చూశాను. కాళ్ళు చాపితే గోడ తగిలింది. అమ్మ నాకంటే పొడుగు. ఏడుపుకంటే ముందు అమ్మ మీద కోపం వచ్చింది, ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా చెప్పనందుకు.

అంతలో చెల్లి ఫోన్ చేసింది. "దొరికిందా అక్కా?"

"దొరికిందే."

"గాలి వస్తోందా?"

"ఒకటే గాలి" అన్నాను. మళ్ళీ పైకి వెళ్ళి, ఆ కిటికీ ముందు దిండుకి ఆనుకుని, మస్తాన్ చేత ఫోటో తీయించి పంపాను.

ఈ ఇళ్ళు నిజంగానే అందమైనవి. ఆ అందాన్ని రోజూ తుడిచినవాళ్ళ గురించి గోడల మీది బోర్డుల్లో ఒక్క ముక్క లేదు. మీరు వెళితే శుక్రవారం సాయంత్రం వెళ్ళండి. పై అంతస్తులు కాపలావాళ్ళే చూపిస్తారు. మెట్ల కింది తలుపు మాత్రం అడిగితేనే తీస్తారు.